వచ్చేవారి పని తీర్చే వెబ్‌సైటు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ సంస్థ వెబ్‌సైటును మొదటి నుంచి తిరిగి నిర్మించే బాధ్యతను నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. హోంపేజీ నమూనాల గురించి, రంగుల గురించి, ఏ సాఫ్ట్‌వేరు మేలన్న దాని గురించి అడిగావు. అవన్నీ తర్వాత తేలే విషయాలు. నేను చూసినంతవరకు పెద్ద సంస్థల సైట్లు పనికిరాకుండా పోవడానికి ముఖ్యమైన కారణం, సంస్థలో విభాగాలు ఎలా ఉంటే మెనూను కూడా అలాగే పేర్చడం. సైటుకు వచ్చే మనిషి ఏదో ఒక పని మీద వస్తాడు; ఆ పనిని ఏ విభాగం చూస్తుందో అతనికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. కాబట్టి ఒక్క నమూనా గీయకముందే, ఎవరు ఏ పని మీద వస్తున్నారో, ఎక్కడ ఆగిపోతున్నారో తెలుసుకో.

ఇందుకు కావలసిన సమాచారం చాలావరకు మీ దగ్గరే ఉంటుంది. సైటులోని సెర్చ్ పెట్టెలో జనం టైపు చేసిన మాటలన్నీ తెప్పించుకొని, వాటిలో ఏ ఫలితమూ దొరకనివాటిని ముందుగా చదువు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తే సిబ్బంది దగ్గర కూర్చొని, రోజూ ఏ ప్రశ్నలు వస్తున్నాయో విను. సైటు సరిగా చెప్పలేకపోయిన సంగతులే అక్కడికి ప్రశ్నలుగా వస్తాయి. పేజీలకు వచ్చిన సందర్శనల లెక్కను మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఒక పేజీని ఎక్కువమంది చూశారంటే అది ఉపయోగపడిందని అనుకోవచ్చు, దారి తెలియక అందరూ అక్కడే తిరుగుతున్నారనీ అనుకోవచ్చు. అలాగే, కుటుంబంలో ఒకరు మరణించినప్పుడు ఏం చేయాలో చెప్పే పేజీని కొద్దిమందే తెరుస్తారు. కానీ ఆ కొద్దిమందికి అంతకన్నా ముఖ్యమైన పేజీ మరొకటి ఉండదు.

లెక్కల తర్వాత మనుషులను చూడు. ప్రతి విడతలో ఐదుగురితో పరీక్షించి, దొరికిన లోపాలు సరిదిద్ది, మళ్లీ పరీక్షించడం మేలని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంలో నిపుణుడైన జాకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఒకేసారి పెద్ద పరీక్ష పెట్టడం కన్నా అది నిజంగా బాగా పనిచేస్తుంది. అయితే మీ సైటును వాడేవారిలో బాగా వేరువేరు వర్గాలు ఉంటే ప్రతి వర్గం నుంచీ మనుషులు కావాలి. చిన్న ఫోను, నెమ్మదైన ఇంటర్నెట్ ఉన్నవారిని, చూపు తక్కువైన వారిని, వయసు పైబడిన వారిని తప్పకుండా పిలువు. సైటు నచ్చిందా అని అడగవద్దు. ఒక పని అప్పగించి, వాళ్లు తడబడినా సాయం చేయకుండా మౌనంగా గమనించు. విభాగాధిపతులను కూడా ఆ గదిలో కూర్చోబెట్టు. తమ విభాగం పేరు హోంపేజీలో పైన ఉండాలని పట్టుబట్టే అధికారి, తమ దరఖాస్తు ఎక్కడుందో తెలియక ఒక మనిషి పది నిమిషాలు వెతకడం కళ్లారా చూస్తే, నీవు ఎన్ని నివేదికలు ఇచ్చినా రాని మార్పు అతనిలో వస్తుంది.

అసలు కష్టమంతా పాత పేజీలతోనే. వాటన్నింటినీ కొత్త సైటులోకి తరలిస్తే పాత గందరగోళమే కొత్త రంగులతో తిరిగి వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం 2012 అక్టోబరులో డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్ అనే రెండు పెద్ద సైట్ల స్థానంలో గవ్ డాట్ యూకే అనే ఒకే సైటును తెచ్చినప్పుడు, వాడేవారి అవసరాలతోనే మొదలుపెట్టాలన్నది ఆ బృందం రాసుకున్న మొదటి సూత్రం. నీవూ ఆ పద్ధతినే పాటించు: ప్రతి పేజీకి, ఇది ఎవరికి, ఏ పనికి కావాలో ఒక్క వాక్యంలో రాయమని సంబంధిత విభాగాన్ని అడుగు. రాయలేకపోతే ఆ పేజీని తరలించవద్దు. భద్రపరచవలసిన పాత రికార్డులుంటే వాటికి వేరుగా చోటు చూపించు. తొలగించడాన్ని తమకు జరిగిన అవమానంగా భావించేవారు ఉంటారు. వాళ్లతో ఓపికగా మాట్లాడు, కానీ వెనక్కి తగ్గవద్దు.

హోంపేజీ మీద అన్ని చర్చలు అక్కర్లేదు. సెర్చ్ ఇంజిన్ ద్వారా చాలామంది నేరుగా లోపలి పేజీకే వస్తారు కనుక, ప్రతి పేజీ తానేమిటో తానే చెప్పుకోగలగాలి. హోంపేజీలో వాటంతట అవే మారుతూ తిరిగే బ్యానర్లను తీసివేయడమే మంచిదని నా అభిప్రాయం.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల విషయంలో మాత్రం నీవు గట్టిగా నిలబడాలి. స్కాన్ చేసిన కాగితం కేవలం బొమ్మ. అందులోని మాటలను, చూపు లేనివారికి తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సరిగా చదవలేదు, సెర్చ్ పట్టుకోలేదు, ఫోనులో పెద్దది చేసుకుంటూ అటూ ఇటూ జరుపుకొంటే తప్ప మనిషికీ కనిపించదు. అందులోని ముఖ్య విషయాన్ని మామూలు పేజీగా రాయించు. వైకల్యం ఉన్నవారితో సహా అందరికీ వెబ్‌సైట్లు అందుబాటులో ఉండటం గురించిన అంతర్జాతీయ మార్గదర్శకాల (WCAG) 2.2 కూర్పు 2023 అక్టోబరులో వచ్చింది. మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 నిష్పత్తిలో తేడా ఉండాలని, మౌసు లేకుండా కీబోర్డుతోనే అన్ని పనులూ జరగాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. వీటిని చివర్లో తనిఖీ చేద్దామనుకుంటే సగం పని మళ్లీ చేయవలసి వస్తుంది. అందుకని తొలి నమూనా నుంచే పాటించు.

పేజీల పాత వెబ్ చిరునామాలను మరచిపోవద్దు. మీరు అచ్చువేసిన ఫారాలలో, పంపిన ఉత్తరాలలో, ఇతరుల సైట్లలో అవి ఇంకా ఉంటాయి. వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ, చిరునామాలు మారకూడదని 1998లోనే రాశాడు. మార్చక తప్పనప్పుడు, సైటులో ఏ పేజీలను అడిగారో నమోదయ్యే సర్వర్ లాగ్‌ల నుంచి పాత చిరునామాల జాబితా తీసి, ఒక్కొక్కదాన్నీ సరైన కొత్త పేజీకి 301 రీడైరెక్ట్‌తో, అంటే పాత చిరునామాకు వచ్చినవారిని శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటుతో కలపాలి. అన్నింటినీ హోంపేజీకి పంపించడం పరిష్కారం కాదు. వచ్చిన మనిషి మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

ప్రారంభోత్సవం రోజున అంతా ఒక్కసారిగా మార్చాలని పైనుంచి ఒత్తిడి రావచ్చు. గవ్ డాట్ యూకే కూడా అలా రాలేదు. 2011లో తొలి నమూనా, 2012 మొదట్లో ప్రయోగాత్మక రూపం వచ్చాకే పాత సైట్లను మూసివేశారు. నీవు కూడా ఎక్కువమందికి అవసరమైన ఒక్క పనిని తీసుకొని, మొదటి వాక్యం నుంచి చివరి రసీదు వరకు అది సాఫీగా సాగేలా చేసి, పాత సైటు పక్కనే జనానికి అందించు. సాఫ్ట్‌వేరు ఎంపిక సంగతి అప్పటికి నీకే తేలికవుతుంది, ఎందుకంటే అది ఏమేం చేయగలగాలో నీకు తెలిసి ఉంటుంది. బడ్జెట్ అడిగేటప్పుడే, ప్రారంభం తర్వాత కూడా బృందం కొనసాగడానికి నిధులు అడుగు. ప్రతి పేజీకి ఒక బాధ్యుడు, తిరిగి సరిచూడవలసిన ఒక తేదీ ఉండాలని ఇప్పుడే నియమం రాయించు.

సెర్చ్ మాటల జాబితా చేతికి వచ్చాక, అందులో ఎవరివైనా పేర్లు, ఫోను నంబర్లు ఉంటే తొలగించి నాకు పంపించు. మొదట ఏ పనిని తీసుకోవాలో ఇద్దరం కలిసి చూద్దాం.