శ్లాబు వేడి లెక్కలో 273 కలపాలా, వద్దా?

శ్లాబు లాంటి వస్తువు గుండా ఎంత వేడి ప్రవహిస్తుందో చెప్పే ఫోరియర్ సూత్రంలో (ఉష్ణవాహకత × ఉష్ణోగ్రత తేడా ÷ మందం), సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చేటప్పుడు కలిపే 273ని ఉష్ణోగ్రత తేడాకి కూడా కలపాలా అన్నది మీ ప్రశ్న. వద్దు. తేడా సెల్సియస్‌లో ఎంతో కెల్విన్‌లోనూ అంతే.

మే నెలలో తిరుపతి మిద్దె ఇల్లు అనుకోండి. శ్లాబు మందం 0.12 మీటర్లు, పైన 55 డిగ్రీలు, కింద 40, కాంక్రీటు ఉష్ణవాహకత (వేడిని ఎంత బాగా ప్రసరింపజేస్తుందో చెప్పే అంకె) సుమారు 1.5. అప్పుడు 1.5 × 15 ÷ 0.12 = చదరపు మీటరుకి 187.5 వాట్లు. పది చదరపు మీటర్ల గదికి 1,875 వాట్లు, అంటే ఒక టన్ను ఏసీ సామర్థ్యంలో (3.5 కిలోవాట్లు) సగం పైనే!

15కి 273 కలిపారో, చదరపు మీటరుకి 3,600 వాట్లు వస్తుంది. నడినెత్తి సూర్యుడే ఇచ్చేది దాదాపు 1,000. అక్కడే అనుమానం రావాలి.

వికిరణం లెక్కలో మాత్రం కెల్విన్ తప్పనిసరి, అక్కడ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంలో ఉంటుంది.

ఇదంతా స్థిర స్థితి లెక్క, అంటే ఉష్ణోగ్రతలు కాలంతో మారవని అనుకుని వేసింది. నిజం శ్లాబు పగలంతా వేడి దాచుకుని, రాత్రి పడుకునే వేళకి మన మీద వదులుతుంది. ఆ లెక్క వేరే.