షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఒకే రోజున చనిపోయారా?

లేదు, ఇద్దరి పేరిటా 1616 ఏప్రిల్ 23 అనే తేదీ కనిపించినా, ఆ మరణాల మధ్య పది రోజులకు పైగా ఎడం ఉంది. అప్పట్లో స్పెయిన్, ఇంగ్లండ్ వేర్వేరు క్యాలెండర్లు వాడేవి. పాత జూలియన్ లెక్కలో ఏడాది నిడివి అసలు కంటే సుమారు 11 నిమిషాలు ఎక్కువ. చూడటానికి చిన్న తేడాయే గానీ, శతాబ్దాల తరబడి పేరుకుపోయింది. దాన్ని సరిదిద్దడానికి పోప్ 13వ గ్రెగరీ పది రోజులు తీసేయించారు. అలా స్పెయిన్‌లో 1582 అక్టోబరు 4, గురువారం గడిచి తెల్లవారేసరికి అక్టోబరు 15 వచ్చింది. వారం మాత్రం తప్పలేదు, శుక్రవారమే! పోప్ మాటంటే గిట్టని ఇంగ్లండ్ 1752 దాకా పాత లెక్కనే పట్టుకుని కూర్చుంది. కాబట్టి షేక్‌స్పియర్ పోయిన ఏప్రిల్ 23 స్పెయిన్ వాళ్లకు మే 3.

తేదీ ఒకటైతే రోజు కూడా ఒకటే అనుకోవడంతోనే చిక్కు. పైగా సెర్వాంటెస్ కన్నుమూసింది 22న అని, 23 ఖననం జరిగిన తేదీ అని పరిశోధకులు భావిస్తారు. ప్రపంచ పుస్తక దినోత్సవాన్ని ఏప్రిల్ 23నే జరుపుతుండటంతో ఈ అపోహ ఏటా మళ్లీ చిగురిస్తుంది.