టీచర్‌గా చేరితే పెయింటింగ్ ఆగిపోతుందా?

ప్రశ్న: బీఎఫ్ఏ పెయింటింగ్ పూర్తయింది. ఒక ప్రైవేట్ స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ ఉద్యోగం వచ్చింది. ఇంట్లోవాళ్లు చేరమంటున్నారు. చేరితే ఇక ఆర్టిస్టును కాలేనేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: చేరమ్మా. నీ భయం చదవగానే నాకు అమెరికన్ చిత్రకారిణి ఆల్మా థామస్ గుర్తొచ్చారు.

ఆవిడ 1891లో జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టారు. 1907లో ఆ కుటుంబం వాషింగ్టన్‌కు వలస వచ్చింది. హోవార్డ్ యూనివర్సిటీలో ఆర్ట్ విభాగం నుంచి 1924లో పట్టా అందుకున్న మొదటి విద్యార్థి ఆవిడే. ఆ ఏడాదే షా జూనియర్ హైస్కూల్లో ఆర్ట్ టీచర్‌గా చేరి, 1960లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశారు.

నువ్వు ముఖ్యంగా చూడాల్సింది ఆ ముప్పై అయిదేళ్లకు పైబడిన ఉద్యోగకాలం సంగతే. వేసవి సెలవుల్లో న్యూయార్క్ వెళ్లి చదువుకుని, 1934లో కొలంబియా టీచర్స్ కాలేజీ నుంచి ఎంఏ తెచ్చుకున్నారు. 1943లో బార్నెట్ ఆడెన్ గ్యాలరీ పెట్టినవాళ్లకు తోడుగా నిలబడ్డారు, దాంతో తోటి చిత్రకారుల మధ్య ఉండే వీలు దొరికింది. దాదాపు అరవై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థిగా మారి, అమెరికన్ యూనివర్సిటీలో పెయింటింగ్ క్లాసుల్లో కూర్చున్నారు. ఆవిడ అమూర్త (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రాలవైపు మళ్లింది ఆ రోజుల్లోనే.

రిటైరయ్యాక కీళ్లవాతం బాగా బాధపెట్టింది. అయినా 1966లో హోవార్డ్‌లో జరగబోయే ప్రదర్శన కోసం కొత్తగా ఏదైనా వేయాలనుకున్నారు. కిటికీ బయటి చెట్టు ఆకుల్లోంచి పడే వెలుగును చూస్తూ, చిన్న చిన్న రంగు ముక్కలు వరసగా పేర్చే పద్ధతి పట్టుకున్నారు. ఆవిడ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఆ బొమ్మలే. 1972లో, ఎనభై ఏళ్ల వయసులో, న్యూయార్క్ విట్నీ ఆర్ట్ మ్యూజియంలో ఆవిడ ఒక్కరి బొమ్మలతోనే ప్రదర్శన జరిగింది. అక్కడ ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, సాయంత్రాలు ఆవిడవే. నీ సాయంత్రాలు ఎవరి చేతిలో ఉంటాయో నాకు తెలియదు. అందుకే చేరే ముందు స్కూల్లో వారానికి ఎన్ని పీరియడ్లో అడుగు. యాన్యువల్ డే అలంకరణలు, ఇతర టీచర్ల చార్టులు కూడా నీ మీదే పడతాయా అనీ అడుగు. ఇంట్లో కూడా ఇప్పుడే మాట్లాడుకో: జీతంలో రంగులకు కొంత, వారంలో రెండు సాయంత్రాలు, వేసవి సెలవులు నీకు. దానికి వాళ్లు సరేనంటే సోమవారమే వెళ్లి చేరిపో.