బక్కపలచగా ఉన్న కుర్రాడు వింగర్‌గా నిలబడగలడా? రియాద్ మహ్రెజ్ ఆటను ఆ ఊళ్లోనే ఉండి చూసినవాడిగా నా జవాబు

మీ అబ్బాయికి 15 ఏళ్లు, రైట్ వింగ్‌లో, అంటే మైదానం కుడి అంచున ముందుకు దూసుకెళ్లే వింగర్‌గా ఆడతాడు, సెలెక్షన్స్‌లో మాత్రం "ఒక్క తోపుకే పడిపోతాడు, ముందు ఒళ్లు చేయమనండి" అని పక్కన పెట్టేశారు. ఇలాంటి ఒంటితో పెద్ద స్థాయిలో ఆడిన వింగర్ నిజంగా ఎవరైనా ఉన్నారా అని అడిగారు. చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఎందుకంటే ఇంటర్ చదివే రోజుల్లో వరంగల్‌లో నన్నూ అచ్చం ఆ మాటతోనే ఇంటికి పంపారు.

ఉన్నాడండీ. రియాద్ మహ్రెజ్. అల్జీరియాకు కెప్టెన్‌గా 2019 ఆఫ్రికా కప్ తెచ్చినవాడు. అతని మీద ఇంత నమ్మకంగా చెప్పడానికి ఒక కారణం ఉంది. 2015 సెప్టెంబర్‌లో నేను మాస్టర్స్ కోసం ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్లాను. నేను ఆ ఊళ్లో ఉన్న ఏడాదే అతను ఆడే లెస్టర్ సిటీ జట్టు ఇంగ్లండ్ అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది. సీజన్ మొదట్లో ఆ జట్టు గెలుస్తుందన్న పందెం రేటు 5000కి 1. ఆ గెలుపులో సగం భారం మోసిన కాళ్లు, నిజంగానే చాలా సన్నటి కాళ్లు.

అతని మొదటి రోజుల గురించి కొంచెం చెప్పాలి, మీకు పనికొచ్చేది అక్కడే ఉంది. మహ్రెజ్ పుట్టింది 1991లో, పారిస్ ఉత్తరాన ఉండే సార్సెల్ అనే శివారులో. వలస కుటుంబాలు ఎక్కువగా ఉండే చోటు. నాన్నది అల్జీరియా, ఆయనా ఫుట్‌బాల్ ఆడినవాడే. మహ్రెజ్‌కి 15 ఏళ్లప్పుడు, అంటే సరిగ్గా మీ అబ్బాయి వయసులో, గుండెపోటుతో నాన్న పోయారు. ఆ తర్వాతే ఆటను గట్టిగా పట్టుకున్నానని అతనే చెప్పుకున్నాడు. అప్పటికి అతనిది పేరున్న అకాడమీ ఏమీ కాదు, సొంత ఊరి క్లబ్బే. బక్కోడు అనే మాట అక్కడా తప్పలేదు. 18 ఏళ్లకి ఫ్రాన్స్‌లోనే బ్రిటనీ ప్రాంతం వైపు క్వింపెర్ అనే చిన్న క్లబ్బుకి వెళ్లాడు. అది నాలుగో డివిజన్ జట్టు. 2010లో లె అవ్ర్ అనే ఫ్రెంచ్ క్లబ్బు తీసుకుంది, అక్కడా మొదట రిజర్వ్ జట్టులోనే కూర్చోబెట్టింది. 2014 జనవరిలో, 23 నిండబోతుండగా, లెస్టర్ పిలిచింది. అప్పుడు లెస్టర్ కూడా రెండో డివిజన్‌లోనే ఉంది. ఆ పేరు విని రగ్బీ జట్టేమో అనుకున్నాడట. లెస్టర్‌లో ఉన్నవాళ్లకి ఇందులో వింతేమీ కనపడదు, అక్కడ రగ్బీ జట్టు టైగర్స్ అంత ఫేమస్. ఇచ్చిన సొమ్ము 5 లక్షల పౌండ్ల లోపే. ఆటగాళ్లని వెతికే లెస్టర్ స్కౌట్ చూడ్డానికి వెళ్లింది కూడా ఇతన్ని కాదు, అదే జట్టులోని ఇంకో ఆటగాణ్ణి.

ఇక నేను కళ్లారా చూసింది. 2015 డిసెంబర్ 14, సోమవారం రాత్రి, చెల్సీతో మ్యాచ్. మా రూమ్మేట్‌తో పార్ట్‌టైమ్ పనిచేసే ఒక పెద్దాయన ఆ రోజు రాలేక తన సీజన్ టికెట్ నాకిచ్చాడు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ప్రతి సీటు మీద మడతపెట్టిన అట్టముక్క ఒకటి పెట్టి ఉంటుంది, దాన్ని చేతిలో కొడుతూ చప్పుడు చేయాలి. 32 వేల మంది ఒకేసారి కొడితే ఛాతీలో దడదడలాడుతుంది. మొదటి సగంలో మహ్రెజ్ కుడి వైపు నుంచి గోల్ ముందుకి వేసిన క్రాస్‌కి సహచరుడు వార్డీ గోల్ కొట్టాడు. రెండో సగం మొదలై మూడు నిమిషాలు కాలేదు, ఎడమ వైపు నుంచి బంతి మైదానం దాటి ఎత్తుగా కుడి మూలకి వచ్చింది. అక్కడ మహ్రెజ్, అతని ముందు చెల్సీ డిఫెండర్ అజ్పిలిక్వెటా.

నా చూపంతా ఆ ఇద్దరి మీదే ఉంది. అంత దూరం నుంచి గాల్లో వచ్చిన బంతి మామూలుగా అయితే రెండడుగులు ఎగరాలి. అతని కాలికి తగలగానే దూది మూట మీద పడ్డట్టు ఆగిపోయింది. చప్పుడు కూడా లేదు. తర్వాత భుజం ఒకసారి బయటికి వంచాడు, అజ్పిలిక్వెటా ఒక అడుగు వెనక్కి వేశాడు. లోపలికి వస్తున్నట్టు చూపించాడు, అతను మళ్లీ బరువు మార్చుకున్నాడు. మళ్లీ బయటికి. బంతి మాత్రం జానెడు కూడా కదల్లేదు. చివరికి ఎదుటివాడి బరువంతా తప్పు కాలి మీద పడిన క్షణంలో ఎడమ కాలితో దూరపు పోస్ట్ వైపు వంపుగా కొట్టాడు. 2-1తో లెస్టర్ గెలిచింది. మూడు రోజులకి చెల్సీ తన కోచ్ మౌరిన్హోని తప్పించింది.

ఆ ఐదారు సెకన్లలో వాళ్లిద్దరూ ఒకరినొకరు ముట్టుకోనే లేదు. నాకు అది పెద్ద దెబ్బలా తగిలింది. తోస్తే పడిపోతాడు అంటారు కదా, అసలు తోయడానికి అవకాశమే ఇవ్వలేదు అతను. బంతి కాలికి అంటుకుని ఉంటే డిఫెండర్ దగ్గరికి రావడానికే భయపడతాడు, వస్తే దాటేస్తాడని. బంతి మనకి రెండడుగుల దూరం ఎగిరిందా, అప్పుడు పరుగెత్తాలి, భుజం భుజం రాసుకోవాలి, అక్కడ బరువున్నవాడిదే గెలుపు. ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటిసారి కాలితో అదుపు చేయడం, బాగాలేని కుర్రాడికే కండ అవసరం ఎక్కువ పడుతుంది.

నేను చేసిన తప్పు ఏంటో ఆ రాత్రి బస్సులో ఇంటికి వెళ్తుంటే అర్థమైంది. 17 ఏళ్లప్పుడు "తిని రా" అన్నారని ఆరు నెలలు గుడ్లు, అరటిపండ్లు తిని, దండీలు తీశాను. బంతిని మాత్రం మంచం కిందకి తోసేశాను, ఒళ్లు వచ్చాక చూద్దాంలే అని. మూడు కిలోలు పెరిగాను. మళ్లీ గ్రౌండ్‌కి వెళ్తే పాస్ నా కాలికి తగిలి పక్కకి పోయింది. రెండోసారి కూడా నన్ను తీసుకోలేదు. ఈసారి వాళ్లు చెప్పిన కారణం నిజమే.

మహ్రెజ్ ఆటలో ఇంకో ముఖ్యమైన విషయం, అతను వాడే ట్రిక్కు దాదాపు ఒకటే. కుడి వైపు నిలబడతాడు, లోపలికి తిరిగి ఎడమ కాలితో కొడతాడు. ప్రపంచమంతటికీ తెలుసు. అయినా ఆ సీజన్‌లో లీగ్‌లో 17 గోల్స్ కొట్టాడు, 11 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) ఇచ్చాడు. 2016 ఏప్రిల్ 24న మధ్యాహ్నం స్వాన్సీ మీద గోల్ కొట్టి, అదే సాయంత్రం లండన్‌లో తోటి ఆటగాళ్లు ఓటేసి ఇచ్చే ఆ ఏటి ఉత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. ఆఫ్రికా దేశాల నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటివాడు అతనే. కాబట్టి మీ అబ్బాయికి యూట్యూబ్‌లో కనపడే పది రకాల ట్రిక్కులు అక్కర్లేదు. ఒక్కటి చాలు, ఎప్పుడు వాడాలో తెలియాలి.

తర్వాతి కెరీర్ అంతా పూలబాట అని చెప్పను. 2018 జనవరిలో మాంచెస్టర్ సిటీకి వెళ్లడం చివరి నిమిషంలో ఆగిపోతే కొన్ని రోజులు ప్రాక్టీసుకి రాలేదు. లెస్టర్‌లో నాకు తెలిసినవాళ్లు చాలా బాధపడ్డారు, నాకూ నచ్చలేదు. ఆ వేసవిలో దాదాపు 6 కోట్ల పౌండ్లకి వెళ్లాడు. వెళ్లిన కొత్తలోనే, 2018 అక్టోబర్‌లో, లివర్‌పూల్ గ్రౌండ్‌లో ఆఖర్లో వచ్చిన పెనాల్టీని పోస్ట్ పైనుంచి కొట్టేశాడు. అంత టెన్షన్‌లో తప్పిన కాలికి మళ్లీ ధైర్యం రావడం చిన్న విషయం కాదు. తొమ్మిది నెలల తర్వాత, 2019 జులై 14న కైరోలో, ఆఫ్రికా కప్ సెమీస్. నైజీరియాతో 1-1. 95వ నిమిషంలో ఫ్రీకిక్. అడ్డంగా గోడలా నిలబడ్డ ఆటగాళ్లని దాటించి నేరుగా గోల్‌లోకి కొట్టాడు. ఐదు రోజుల తర్వాత ఫైనల్లో సెనెగల్ మీద 1-0తో అల్జీరియా కప్ ఎత్తింది, 1990 తర్వాత మళ్లీ అదే.

మాంచెస్టర్ సిటీలో ఐదేళ్లుంటే చాలా మ్యాచ్‌ల్లో బెంచి మీదే ఉన్నాడు. యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో, 2021 సెమీస్‌లో పారిస్ జట్టు మీద రెండు మ్యాచ్‌లు కలిపి 3 గోల్స్ కొట్టాడు. 2023 ఎఫ్‌.ఏ. కప్ సెమీస్‌లో వెంబ్లీలో హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్. అదే ఏడాది ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అతన్ని అసలు దింపలేదు. మెడల్ అయితే మెడలో పడింది. ఆ వేసవిలోనే సౌదీలోని అల్ అహ్లీకి వెళ్లాడు. ఇవన్నీ మీ అబ్బాయికీ చెప్పండి, పైన ఆడేవాళ్లకీ పక్కన కూర్చునే రోజులుంటాయని ఇప్పుడే తెలియడం మంచిది.

చదువు సంగతి అడిగారు. చదువు ఆపమని నేను చెప్పను, రోజుకి అరగంట బంతికి దొరికితే చాలు. నేనిప్పుడు హైదరాబాద్‌లో ఆదివారాలు పిల్లలతో ఆడిస్తుంటాను. వాళ్లతో చేయించేది ఇదే: గోడకి ఐదారు అడుగుల దూరంలో నిలబడి బంతిని గోడకి కొట్టాలి, తిరిగి వచ్చినదాన్ని ఒక్క టచ్‌లో ఆపాలి. పాదం లోపలి వైపుతో వంద, బయటి వైపుతో వంద, రెండు కాళ్లతోనూ. పాదాన్ని గట్టిగా బిగబట్టకూడదు, బంతి తగిలే క్షణంలో కొంచెం వెనక్కి తీయాలి. మా దగ్గర ఎనిమిదో తరగతి పిల్లాడు ఒకడున్నాడు, బరువు 38 కిలోలు. మొదటి వారం పది బంతుల్లో ఆరు పక్కకి పోయేవి. రెండు నెలలకి బంతి చప్పుడు మారింది. టప్ అనేది పోయి మెత్తగా వినపడుతోంది. మీరు పక్కన కూర్చుని లెక్కపెట్టనక్కర్లేదు, వరండాలో పేపరు చదువుకుంటూ ఆ చప్పుడు వినండి చాలు.

ఒళ్లు సంగతి 15 ఏళ్లకే తేల్చేయకండి, కొందరికి 17, 18 ఏళ్లకి గానీ ఎదుగుదల రాదు. పప్పు, గుడ్డు, నిద్ర సరిపడా ఉండేలా చూసుకోండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆ చెల్సీ గోల్ చూడండి. కామెంటరీ సౌండ్ తీసేసి, మొదటిసారి మహ్రెజ్‌ని చూడనివ్వండి. రెండోసారి మాత్రం అజ్పిలిక్వెటా కాళ్లనే చూడమనండి, ఎన్నిసార్లు అడుగు మార్చుకున్నాడో మీ అబ్బాయినే లెక్కపెట్టి చెప్పమనండి.