మంచు పడే రోజున పిల్లల్ని స్కూల్ బస్సు టైముకి ఎలా తయారు చేస్తున్నారు?

హైదరాబాద్ నుంచి ఈమధ్యే మిన్నెసోటా వచ్చామని, బాబు కిండర్‌గార్టెన్, పాప నాలుగో తరగతి అని, మంచు పడితే చాలు బస్సు తప్పిపోతోందని, అరగంట ముందు లేపినా లాభం లేదని రాశారు. నేనూ మినియాపోలిస్ దగ్గరే ఉంటానండి. ఇద్దరు పిల్లలూ ఇక్కడి చలికాలాల్లోనే పెరిగారు.

ముందుగా ఒక మాట. ఇంకా పెందలాడే మాత్రం లేపకండి. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఏడూముప్పావు దాకా సూర్యుడు రాడు. చీకట్లో లేపిన పిల్లలు కూర్చునే తూగుతారు, వాళ్లతో పని కాదు. మీరు తొడగడం మానేసి వాళ్లంతట వాళ్లే వేసుకునేలా నేర్పండి. ఒకటి రెండు వారాలు ఓపిక పడితే బస్సు గొడవ తీరిపోతుంది.

బస్సు కోసమే కాదు ఈ మాట చెప్పడం. ఇక్కడ చలిగా ఉందని రీసెస్, అంటే బయట ఆటల విరామం, మానరు. విండ్ చిల్, అంటే గాలి వల్ల ఒంటికి తెలిసే చలి, సున్నా ఫారెన్‌హీట్‌కి పైన ఉంటే చాలా స్కూళ్లు పిల్లల్ని బయటికే పంపుతాయి. అంటే మీరు పొద్దున్న తొడిగినవన్నీ బాబు మధ్యాహ్నం మళ్లీ వేసుకోవాలి, ఇంటికొచ్చేముందు మరోసారి. క్లాసునిండా పిల్లలు, టీచరు ఒక్కరే. ఎంతమందికని జిప్పు పెడతారు పాపం? వేసుకోవడం రాని పిల్లాడు అందరూ మంచులో ఆడుకుంటుంటే తలుపు దగ్గరే ఆగిపోతాడు.

వరస ఇదీ: స్నో ప్యాంటు, బూట్లు, జాకెట్, టోపీ, ఆఖర్న మిటెన్లు (వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండే చేతి తొడుగులు). జాకెట్ ముందు వేస్తే పొట్ట దగ్గర ఉబ్బి, వంగి బూట్లు వేసుకోలేరు. మిటెన్లు ముందు తొడిగితే జిప్పు పట్టుకోలేరు. స్నో ప్యాంటు కింద లోపలివైపు ఎలాస్టిక్ ఉన్న ఇంకో అంచు ఉంటుంది, దాన్ని బూటు పైకి లాగాలి. అది బూటు లోపల ఉండిపోతే మంచంతా నేరుగా సాక్సుల్లోకి జారుతుంది. ఇక స్నో ప్యాంటు ముట్టుకునేముందు టిఫినూ బాత్రూమూ అయిపోవాలి. అన్నీ తొడిగాక "అమ్మా, బాత్రూం" అన్నారంటే ఆ రోజు బస్సు మీద ఆశ వదులుకోవడమే!

జాకెట్‌కి ఇక్కడి టీచర్లు నేర్పే చిట్కా ఒకటుంది, బాబు వయసు పిల్లలకి బాగా పనికొస్తుంది. జాకెట్‌ని నేలమీద వెల్లకిలా పరవండి, జిప్పు తీసి ఉండాలి. హుడ్డు వాడి కాళ్లవైపు ఉండాలి. వంగి తన రెండు చేతులూ జాకెట్ చేతుల్లోకి దూర్చి, ఒక్కసారిగా తలమీంచి వెనక్కి వేసుకోవడమే. జాకెట్ దానంతటదే వీపుమీదకి దిగుతుంది. జిప్పు అడుగున దూర్చే దగ్గర మాత్రం మొదట్లో తిప్పలు పడతారు. ఆదివారం తీరిగ్గా కూర్చోబెట్టి అలవాటు చేయండి, సోమవారం పొద్దున్న బస్సు కేకలో నేర్పబోకండి.

రాత్రి పడుకునేముందు ఇవన్నీ ఆ వరసలోనే తలుపు దగ్గర నేలమీద పరిచేయండి. మా ఇంట్లో ఈ పని పిల్లలదే. బూట్ల లోపలి లైనర్లు, మిటెన్లు తడిగా ఉంటే సాయంత్రం రాగానే తీసి హీటర్ గాలి వచ్చే చోట ఆరబెట్టాలి. తడి మిటెన్ పొద్దున్న చేతికెక్కదు. ఎక్కినా చెయ్యి గడ్డకడుతుంది. అందుకే రెండో జత బ్యాగులో ఉంచుతాను. అన్నింటి మీదా పేరు రాయండి, క్లాసులో సగం స్నో ప్యాంట్లు నల్లవే.

బట్టల విషయంలో మనవాళ్లు ఎక్కువ కంగారు పడతారు. మా అత్తగారు వచ్చినప్పుడల్లా రెండు స్వెటర్లు, రెండు జతల సాక్సులు అంటారు. ప్రేమకొద్దీ అన్నదే గానీ, బూటులో సాక్సులు కిక్కిరిస్తే రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. మందపాటి ఊలు సాక్సు ఒక్క జత, వేళ్లు కదిలేంత చోటున్న బూటు చాలు. ఒంటికి తగిలే బట్ట కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది. గ్లవ్స్ కంటే మిటెన్లే వెచ్చన, వేళ్లన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి. అత్తగారు తెచ్చిన మంకీ క్యాప్‌కి మాత్రం వంక పెట్టలేను, చెవులూ మెడా రెండూ కప్పుతుంది. వేలాడే స్కార్ఫ్ చిన్నపిల్లలకి వద్దు, ఆటస్థలంలో దేనికైనా చిక్కుకుంటే ప్రమాదం. తరగతి గది వెచ్చగానే ఉంటుంది, థర్మల్స్ (లోపల వేసుకునే వెచ్చటి బట్టలు) బాగా చలి ఉన్న రోజులకి దాచుకోండి.

ఫోన్‌లో ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ఊరుకోకండి, విండ్ చిల్ చూడండి. సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్‌లో గంటకి 15 మైళ్ల గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 19 ఫారెన్‌హీట్‌కి పడిపోతుంది. ఆ చలిలో బయటికి కనిపించే చర్మానికి అరగంటలో ఫ్రాస్ట్‌బైట్ (చర్మం గడ్డకట్టి దెబ్బతినడం) వస్తుందని ఇక్కడి నేషనల్ వెదర్ సర్వీస్ లెక్క. మంచు రోజున బస్సు ఆలస్యం మామూలే. బస్సు ట్రాక్ చేసే యాప్ మీ స్కూల్‌కి ఉంటే అది చూసి ఇంట్లోంచి కదలండి. స్టాప్ దగ్గర ప్లౌ బండి తోసిన మంచు గుట్టలు ఎక్కనివ్వకండి. జారితే నేరుగా రోడ్డు మీదే పడతారు, పైగా డ్రైవర్లకి కనిపించరు.

బస్సు తప్పి కార్లో దింపాల్సొస్తే మరో జాగ్రత్త. లావుపాటి జాకెట్ మీద కార్ సీట్ బెల్టు బిగించకూడదు. బిగుతుగానే ఉన్నట్టు అనిపిస్తుంది గానీ గుద్దుకుంటే జాకెట్ అణిగిపోయి బెల్టు వదులైపోతుంది. జాకెట్ తీసి, బెల్టు పెట్టి, ఆ పైన ముందునుంచి కప్పండి. కారు వేడెక్కాలని గరాజ్‌లో ఇంజన్ ఆన్ చేసి ఉంచకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

ఒక్కోసారి అసలు బడే ఉండదు. 2014 జనవరి 6న చలికే రాష్ట్రమంతటా బడులు మూయించారు అప్పటి గవర్నర్ మార్క్ డేటన్. ఇప్పుడు చాలా స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని బడులన్నీ నడిపే సంస్థలు) ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసు పెడుతున్నాయి, లేదా 2 గంటలు ఆలస్యంగా మొదలుపెడతాయి. ఆ మెసేజ్ తరచూ తెల్లవారుజామునే వస్తుంది. స్కూల్ వాళ్ల దగ్గర మీ ఇద్దరి నంబర్లూ సరిగ్గా ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి, మంచు సూచన ఉన్న రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.