వైడాల్ నెగెటివ్ అంటే జబ్బు లేదని కాదు

ప్రశ్న: మా బాబుకు 3 ఏళ్లు. 8వ నెల నుంచి చెవిలో చీము కారుతోంది, రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. రక్తంలో రోగక్రిములతో పోరాడే ఐజీజీ అనే యాంటీబాడీలు బాగా తక్కువని, వాటికి మూలమైన బి కణాలు దాదాపు లేవని, బీటీకే జన్యువులో లోపమని చెప్పారు. మంచి ఆహారంతో బి కణాలు పెరుగుతాయా? జ్వరం వస్తే పాత చీటీతో మెడికల్ షాపులో యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి పోస్తున్నాం. మొన్న టైఫాయిడ్ కోసం చేసిన వైడాల్ పరీక్ష నెగెటివ్ వచ్చింది.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: పెరగవమ్మా. రాగిజావ, గుడ్డు పెట్టండి, కానీ లోపం తిండిలో లేదు. ఎముక మజ్జలో ఎదిగే బి కణం ఒక దశలో తన పైపొర మీద సంకేతాలను అందుకునే ఒక గ్రాహకాన్ని నిలుపుకుంటుంది. దాని నుంచి లోపలికి సంకేతం అందితేనే ఆ కణం బతికి, విభజన చెంది, చివరికి యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణంగా మారగలుగుతుంది. ఆ సంకేతాన్ని అందించే ఎంజైమే బీటీకే. అది పనిచేయకపోతే కణం అక్కడే ఆగి నశిస్తుంది. ఇటువంటి బాలుణ్ణి 1952లో బ్రూటన్ అనే అమెరికా వైద్యుడు వర్ణించగా, జన్యువు 1993లో దొరికింది. తొలి నెలల్లో మీ బిడ్డను కాపాడినవి కడుపులో ఉండగా మీ నుంచి అందిన యాంటీబాడీలే.

నన్ను కలవరపెట్టింది మీ ప్రశ్న కాదు, ఆ పాత చీటీ, ఆ వైడాల్ ఫలితం. వైడాల్ పరీక్ష రక్తంలోని యాంటీబాడీలను వెతుకుతుంది. వాటిని తయారుచేయలేని బిడ్డలో టైఫాయిడ్ ఉన్నా అది నెగెటివ్ రావచ్చు. ఇటువంటి పిల్లలకు జ్వరం వస్తే సూక్ష్మజీవినే పట్టుకునే కల్చర్ (దాన్ని పెంచి చూడటం), పీసీఆర్ (దాని జన్యుపదార్థాన్ని వెతకడం) వంటి పరీక్షలు కావాలి, కల్చర్‌కు రక్తం తీయకముందే మీరు సిరప్ పోస్తే అందులోనూ ఏమీ పెరగకపోవచ్చు. చదువుకున్నవారు కూడా ఇలా చేస్తే ఏమనాలి? జ్వరం వచ్చిన రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

బిడ్డను చూడకుండా రాస్తున్నాను కనుక మోతాదులు చెప్పను. సాధారణంగా 3, 4 వారాలకొకసారి ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు, ఎక్కిస్తారు. ఖర్చు ఎక్కువే అయినా వాయిదా వేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. పల్స్ పోలియో చుక్కలు ఈ బాబుకు వేయించకండి, అందులో ఉన్నది బతికున్న వైరస్. ఇంట్లో ఇతర పిల్లలకు చుక్కల మందు విషయం కూడా ముందుగా మీ డాక్టరును అడగండి. మీరు ఈ లోపానికి వాహకులో కాదో, అంటే జబ్బు లేకుండానే ఆ జన్యులోపాన్ని మోస్తున్నారో లేదో, పరీక్ష చేయించుకోండి. అవునని తేలితే మీకు పుట్టబోయే ప్రతి మగబిడ్డకూ ఇది వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది, మీ అక్కచెల్లెళ్లకూ పరీక్ష అవసరమవుతుంది.