రూపాయి రేటు ఏ సెల్‌లో దాక్కుంది?

తమ్ముడూ, నీ గూగుల్ షీట్ చూశాను. ఎవరి దగ్గరో కాపీ తెచ్చుకున్నావు కదా, అమెరికా వచ్చిన కొత్తలో అందరం చేసేదే. హైదరాబాద్ జీతం ఖాతా, అమ్మతో కలిపి వేసిన ఎఫ్‌డీ, పక్కనే డాలర్లలో విలువ. నిన్న ఒక మొత్తం, ఇవాళ ఇంకో మొత్తం వస్తోందని నీ టెన్షన్. ఆ సెల్స్‌లో గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములా ఉంది, ఎప్పటి రేటు అప్పుడు తెచ్చిపెడుతుంది.

ఇంటి లెక్కకైతే సరే, ఎఫ్‌బార్‌కి, అంటే విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ఆర్థిక శాఖకి (ట్రెజరీకి) చెప్పే ఫారంకి, మాత్రం పనికిరాదు. పన్ను లెక్కలో అమెరికా రెసిడెంట్‌వి అయ్యాక, బయటి దేశాల ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే అది వేయాలి. జాయింట్ ఖాతా అయినా సగం కాదు, మొత్తం చూపాలి. ఒక్కో ఖాతాలో ఆ ఏడాది గరిష్ఠ నిల్వను డిసెంబర్ 31కి ట్రెజరీ ప్రకటించిన రేటుతో డాలర్లలోకి మార్చాలి. నా మొదటి ఏడాది మార్చిలో వేసిన లెక్క అక్టోబర్‌లో చూస్తే ఒక్క అంకె కలవలేదు!

కాబట్టి ముందు ఆ ఫార్ములా ఏ సెల్స్‌లో ఉందో పట్టుకోవాలి. ఒకటే ట్యాబ్ అయితే, షరతు పెట్టి సెల్స్‌కి రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్ చాలు. నీకు పన్నెండు ట్యాబ్‌లున్నాయి, స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాసుకో. ఎక్స్‌టెన్షన్స్ మెనూలో యాప్స్ స్క్రిప్ట్ తెరువు. అందులో గెట్‌ఫార్ములాస్ అనే ఆదేశంతో అడిగితే ట్యాబ్‌లోని ఫార్ములాలన్నీ ఒక్కసారే వస్తాయి, ఫార్ములా లేని సెల్‌కి ఖాళీ వస్తుంది. లూప్ వేసి ఒక్కో సెల్ చూస్తూ, గూగుల్‌ఫైనాన్స్ అన్న పేరు కనిపించిన చోటల్లా సెట్‌బ్యాక్‌గ్రౌండ్‌తో పసుపు రంగు వెయ్యి. వచ్చే జాబితా లెక్క సున్నాతో మొదలవుతుంది, షీట్ వరసలు ఒకటితో. అడ్డానికీ నిలువుకీ ఒకటి కలపకపోతే సున్నా దగ్గరే ఎర్రర్ కొడుతుంది.

మళ్లీ నడిపే ముందు పాత రంగు తుడవాలి, కానీ పసుపు మాత్రమే తుడువు. నేను షీట్ మొత్తం తుడిచేసి, మా ఆవిడ నెలలుగా వేసుకున్న రంగులన్నీ పోగొట్టాను. ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంది.

ఒక మెలిక ఉంది. రేటు ఒక సెల్‌లో ఉండి, మిగతావి దానితో భాగిస్తుంటే పసుపు ఆ ఒక్కదానికే పడుతుంది. అదీ మంచిదే, అక్కడ ఫార్ములా తీసేసి ట్రెజరీ రేటు చేత్తో టైప్ చేస్తే చాలు.

మొదటిసారి నడిపినప్పుడు అనుమతి అడిగి, యాప్ వెరిఫై కాలేదని భయపెడుతుంది. నువ్వు రాసిందే కాబట్టి ఫర్వాలేదు. వేరేవాళ్లు పంపిన స్క్రిప్ట్‌కైతే మాత్రం ఊరికే ఒప్పుకోకు.

ఎఫ్‌బార్ గడువు ఏప్రిల్ 15. దాటినా అడగక్కర్లేకుండానే అక్టోబర్ 15 వరకు ఇస్తారు.